పడవ మోటారును మేమే చూసుకుంటున్నాం
(వార్షిక మహాసభలో కొవ్వూరు మత్స్యకార సంఘ సభ్యులు చదివిన ప్రసంగం)



మైకు ముందు మాట్లాడటం మాకు కొత్త. అందుకే ముగ్గురం కూర్చుని రాసుకొచ్చాం, ఒకరం చదువుతున్నాం. పడవ మోటారు సంగతి మాకెందుకు అని మీలో కొందరు అనుకోవచ్చు. మీ ఇంట్లో కుట్టుమిషను ఉన్నా, పిండిమర ఉన్నా ఇది మీ సంగతి కూడానండి. చివరిదాకా వినండి.

మా సంఘంలో పది మందిమి. ఆరుగురివి గోదావరి మీద వేట కుటుంబాలు. మగవాళ్లు వల వేస్తారు, మేం చేపలు అమ్ముతాం. లంకలో కౌలుకు కూరగాయలు కూడా పండిస్తాం. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక రాజమండ్రి వెళ్లడానికి ఎవరికీ పడవ అక్కర్లేకపోయింది. కానీ మా లంకకు వంతెన లేదు కదా. గెడ వేసుకుంటూ వెళ్లి రావడానికే సగం పొద్దు పోయేది.

2021లో బ్యాంకు లింకేజీ అప్పులోంచి 45,000 పెట్టి పాత మోటారు కొన్నాం. పడవ వెనక చెక్కకు బిగించేది, పెట్రోలుతో నడిచేది. సముద్రం వైపు వాడిన మోటారది. రంగు కొత్తగా వేసి ఇచ్చారు. మేం ఆ రంగు చూసి కొన్నాం. అది మా మొదటి తప్పు. రెండో తప్పు పుస్తకంలో జరిగింది. నెల వాయిదా రాశాం, పెట్రోలు ఖర్చు రాశాం. మరమ్మతుకు ఎంత అన్నది మాత్రం ఒక్క గీత కూడా రాయలేదు.

మొదటి నెలలోనే మోటారు పది నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలెట్టింది. కాసేపాగి తాడు లాగితే మళ్లీ అందుకునేది. మెకానిక్కును పిలిపించాం. దారి ఖర్చుతో కలిపి 700 తీసుకున్నాడు. చేసిన పనల్లా పెట్రోలు ట్యాంకు మూత మీదున్న చిన్న గాలి స్క్రూను కాస్త వదులు చేయడమే! గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి రాదట. ఆయన్ని తప్పు పట్టడం లేదు. మనకు తెలియనప్పుడు కట్టే ఫీజు అలాగే ఉంటుంది.

అసలు దెబ్బ 2022 జులై మొదటి వారంలో తగిలింది. ఎర్రనీరు అప్పుడే దిగుతోంది. లంక నుంచి వంకాయలు, బెండకాయలు వేసుకుని మాలో ఇద్దరం, ఒకరి కొడుకు వస్తున్నాం. నడి గోదాట్లో మోటారు నుంచి కాలిన వాసన వచ్చింది, ఠక్కున ఆగిపోయింది. ఎంత లాగినా తాడు కదల్లేదు. పడవ వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోతోంది. గెడ కోసం చూస్తే లేదు. మోటారు వచ్చాక గెడ, తెడ్డు బరువెందుకని ఇంటి దగ్గర పెట్టేశాం. పిల్లాడు పలకతో నీళ్లు తోస్తుంటే మేం కేకలు పెట్టాం. వేరే పడవ వాళ్లు చూసి తాడు విసిరారు కాబట్టి ఈరోజు ఇక్కడ నిలబడి చదువుతున్నాం. పది రోజులు తిరిగేసరికి ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నీటిలో అయితే ఏమయ్యేవాళ్లమో మీకు చెప్పక్కర్లేదు.

ఆ నెల సంఘం మీటింగులో పెద్ద గొడవైంది. ఇనుము కింద అమ్మేద్దామన్నారు సగం మంది. అమ్మితే అప్పు తీరదు, వాయిదా ఆగదు. వేటతో సంబంధం లేని నలుగురు సభ్యులు, "మీ మోటారుకు మా పొదుపు ఎందుకు పోవాలి?" అని అడిగారు. అది న్యాయమైన మాటే. దానికి ఆ రోజు మా దగ్గర జవాబు లేదు.

ఏళ్ల తరబడి లాంచీలు బాగు చేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గరికి మోటారు మోసుకెళ్లాం. "బాగు చేసి పెట్టమంటే చెయ్యను. నేర్చుకుంటామంటే కూర్చోండి," అన్నారు. నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. నేర్చుకున్నవి మీకు చెప్తాం.

ఈ మోటారు నీటితోనే చల్లబడుతుంది. నీటిలో మునిగే కాలులో ఒక రబ్బరు చక్రం ఉంటుంది. ఇంపెల్లర్ అంటారు. అది గోదారి నీటిని పైకి తోడి ఇంజను చుట్టూ తిప్పుతుంది. అలా తిరుగుతున్న నీళ్లు కొంచెం వెనక నుంచి సన్నటి ధారగా బయటికి పడతాయి. ఆ ధార పడుతుంటే మోటారు క్షేమం. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. రంధ్రంలో చెత్త అడ్డుపడితే సన్నని తీగతో పొడిస్తే పోతుంది. అప్పటికీ రాకపోతే రబ్బరు అరిగిందన్నమాట. మా మోటారు లోపలి దారులు ఉప్పుతో సగం పూడిపోయి ఉన్నాయి, ఎర్రనీటి ఒండ్రు మట్టికి రబ్బరు రెక్కలు అరిగిపోయాయి. ధార ఆగి ఎన్నాళ్లయిందో మేం చూడనే లేదు. నీళ్లు లేకుండా ఒడ్డు మీద స్టార్టు చేసినా ఆ రబ్బరు కాలిపోతుంది. చూడాలంటే నీళ్ల డ్రమ్ములో కాలు ముంచి స్టార్టు చేయాలి.

పెట్రోలులో టూ-టీ ఆయిలు కలపాలి. మా మోటారుకు లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే ఐదు లీటర్ల డబ్బాకు 100. చేతివాటంగా పోయకూడదు, కొలగిన్నె పెట్టుకున్నాం. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసి పడుతుంది.

ఫ్యాను రెక్కకు ఒక చిన్న పిన్ను ఉంటుంది. రెక్క ఇసుక మేటకో రాయికో తగిలితే ఆ పిన్ను విరిగి లోపలి గేర్లను కాపాడుతుంది. విరిగినప్పుడు మేకు దూర్చి నడిపేవాళ్లున్నారు. మేకు విరగదు, గేరు విరుగుతుంది. రెండు పిన్నులు ఎప్పుడూ పడవలోనే ఉంచుతున్నాం. రెక్క వెనక వల దారం చుట్టుకుంటే సీలు కోసేస్తుంది. కింది గేరు ఆయిలు పాలలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్లు దిగినట్టే.

అన్నీ వచ్చేశాయని గొప్పలు చెప్పడం లేదు. ఇంజను లోపల విప్పే పని, కరెంటు కాయిలు పని మెకానిక్కుకే ఇస్తాం. కొన్ని పొద్దుల్లో ఇప్పటికీ పది లాగుళ్లు లాగితే గానీ అందుకోదు. పాత మోటారు కదా, కొన్ని విడిభాగాలు దొరకడం కష్టం.

పుస్తకంలో మాత్రం మార్పు చేశాం. పడవ వాడే ఆరు కుటుంబాలూ పడవ కదిలిన ప్రతి రోజుకీ 20 చొప్పున మరమ్మతు డబ్బాలో వేస్తాం. ఆ లెక్క వేరే పేజీలో ఉంటుంది, పొదుపు సొమ్ము ముట్టం. ఆ నలుగురు అక్కలకు మా జవాబు అదే. ఇప్పుడు ఆ పేజీ వాళ్లే రాస్తున్నారు. ఏ రోజు ఏం మార్చాం, ఎంతైంది, ధార ఎలా ఉంది, అన్నీ అందులో ఉంటాయి. ఎర్రనీరు రాకముందే కొత్త ఇంపెల్లరు వేయిస్తాం. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక వేస్తారు. మేం అంతదాకా ఆగం, నీరు పెరుగుతోందంటే మోటారు ఇంటికి, పడవ ఒడ్డుకి. గెడ, తెడ్డు, తాడు, లైఫ్ జాకెట్లు లేకుండా పడవ కదలదు.

సమాఖ్యకు మా విన్నపం రెండు మాటలు. ఏ సంఘానికైనా మిషను కోసం అప్పు ఇచ్చేటప్పుడు, దాని మరమ్మతుకు నెలకెంత పక్కన పెడతారో తీర్మానంలో రాయించండి. పాత మిషనైతే, కొనే ముందు దాన్ని తెలిసినవాళ్లు విప్పి చూశారా అని అడగండి. మమ్మల్ని అప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

మా వాయిదాల్లో రెండు ఆలస్యమయ్యాయి. ఆ రెండూ మోటారు మూలపడి ఉన్న నెలలే. మిగిలినవి టైముకే కట్టాం. ఏ సంఘానికి అవసరమైనా రేవు దగ్గరికి రండి, డబ్బా పుస్తకం చూపిస్తాం, తాడు లాగడం కూడా నేర్పిస్తాం.