చిత్రలిపి

తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రవేశించిన వారికి ఆర్ట్స్ కళాశాల సౌధము కనులపండువు చేయును. 1939లో ప్రారంభమైన ఆ సౌధమునకు రూపకల్పన చేసిన బెల్జియం శిల్పి జాస్పర్ అంతకుముందు ఈజిప్టులో పనిచేసినవాడు. ఈ సంగతి చెప్పుచుండగా ఒక విద్యార్థి, "ఈజిప్టు చిత్రలిపిని చదువుట కష్టమేమి? బొమ్మ చూచిన అర్థము తెలియును గదా!" అనెను.

ఆ భ్రమకు మన మాటయే కారణము. గ్రీకులు దాని కిడిన 'హైరోగ్లిఫ్' అను పేరునకు పవిత్రమైన చెక్కడమని అర్థము. అందు చిత్రప్రసక్తి లేదు. ఈజిప్టువారు బాతుబొమ్మను చెక్కి 'కుమారుడు' అని చదివిరి. వారి భాషలో ఆ రెండు మాటల హల్లులు ఒక్కటే. మనము పాలచెంబును గీసి 'వాటా' అను అర్థమున 'పాలు' అని చదువుకొన్నట్లు! బొమ్మలను కేవలము భావములుగా నెంచిన పండితులు శతాబ్దములు దారితప్పిరి. అవి ధ్వనులను గూడ తెలుపునని 1822లో షాంపోలియన్ నిరూపించిన పిదపనే ఆ శాసనములు బోధపడినవి.

శ్రోతలారా, చిత్రలిపి యను మాటను విడువ నక్కరలేదు. వేటను చూపు గుహాచిత్రమునకు మాత్రము దానిని వాడరాదు. పలుకును పట్టి నిలిపిన బొమ్మయే లిపి.