బదరీవృక్షము క్రింద



2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు, లేని సొమ్మును లెక్కలలో ఉన్నట్లు చూపించామని ఒప్పుకొంటూ లేఖ రాశారు. ఏ తప్పూ చేయని వేలాది ఉద్యోగులు రేపటి జీతం సంగతి తెలియక కలవరపడ్డారు. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకొన్నది. అయినా మాదాపూర్ నుండి గచ్చిబౌలి దాకా ఆ భయము నేటికీ పోలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసివేస్తే నేనెవరిని?

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయాను చూడండి. కర్మెలు మీద గొప్ప జయము చూచినవాడే, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నాడు. దేవుడు గద్దించలేదు, ప్రసంగమూ చేయలేదు. (మనమైతే చేసేవారము!) దూత చేత అప్పము, నీళ్లు పంపాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మరల లేపి తినిపించాడు. హోరేబు చేరిన తరువాతనే ప్రశ్న అడిగాడు, పని అప్పగించాడు. ఒంటరినన్నవానికి 7,000 మంది సంగతి తెలియజేశాడు. పని విడిచి పారిపోయిన దినమున వచ్చిన ఆ అప్పము జీతమెట్లవుతుంది? తండ్రి బిడ్డకు పెట్టిన భోజనమది.

ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, ఉదయమే బ్యాగు తగిలించుకొని బయలుదేరుచున్న సహోదరుడా, సహోదరీ, ఈ రాత్రి అన్నము తిను. ఇంట్లో ఒక్కరికైనా చెప్పు. చావు తలంపు వస్తుంటే తెల్లవారేవరకు ఆగవద్దు, ఇప్పుడే ఎవరినైనా పిలువు. వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు.

సంఘపెద్దలారా, అటువంటివారు ఆదివారము కనబడితే, వచనము చెప్పకముందు భోజనానికి పిలవండి.

ప్రార్థన చేసికొందము.