నాపరాయికి ఒక గీత
(కడపలో చేసిన స్మారకోపన్యాసం)



కంప్యూటర్లో గీసిన ఇళ్ల పటాలన్నీ ఒకే తీరుగా ఉంటున్నాయని పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగులో సగం పాతకాలం మీద మమకారమే. మిగతా సగం నిజం. తప్పు యంత్రానిది కాదు, దానితోపాటు వచ్చిన గీతల్ని ఉన్నవి ఉన్నట్టు వాడుకునే మనది.

పటాలు గీసే ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. పటంలో గోడల్నీ కోతల్నీ నింపే గీతల నమూనాను అందులో హ్యాచ్ అంటారు. అందరి చెయ్యీ ముందుగా వెళ్లే హ్యాచ్ ఏఎన్ఎస్ఐ31. 45 డిగ్రీల వాలు గీతలు, గీతకూ గీతకూ అంగుళంలో ఎనిమిదో వంతు ఎడం. దాని వివరంలో ఏం రాశారో చూడండి: ఇనుము, ఇటుక, రాతికట్టు. మూడింటికీ ఒకటే గుర్తు! ఇటుక గోడకు వాడే ఏఆర్-బీఆర్‌ఎస్‌టీడీలో వరుస ఎత్తు 2.667 అంగుళాలు, అంటే మూడు వరుసలకు ఎనిమిది అంగుళాలు. అది అమెరికా కొలత. మన ప్రమాణ ఇటుక మాలుతో కలిపి వరుసకు 10 సెంటీమీటర్లు వస్తుంది. పటంలో వరుసలు లెక్కపెట్టి కిటికీ మట్టం చూసుకునే బేల్దారికి అక్కడే లెక్క తప్పుతుంది.

రాయి సంగతి ఇంకా అన్యాయం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఆ రాతిగోడలో కంటికి ముందు ఆనేవి అడ్డ వరుసలు. ఒక రాయి మందం ఇంకోదానికి ఉండదు, నిలువు అతుకులు ఎక్కడంటే అక్కడ పడతాయి. ఏటవాలు గీత ఇందులో ఒక్కటీ చెప్పదు.

మట్టిమిద్దె సెక్షన్ తీసుకోండి. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలో బండలో, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వనిది ఆ చౌడే. మట్టినీ చౌడునూ కలిపి ఒకే చుక్కల హ్యాచ్‌తో నింపేశారనుకోండి, రేపు మరమ్మతుకు వచ్చినవాడు పైన మామూలు మట్టి పోస్తాడు. మిద్దె కారుతుంది.

మన గోడలకు తగిన హ్యాచ్ మనమే రాసుకోవచ్చు. హ్యాచ్ ఫైలు ఉత్త అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో గీతకు కోణం, మొదలయ్యే చోటు, ఎడం, గీత పొడవు, మధ్య ఖాళీ రాస్తే చాలు. నాపరాయికి నాలుగైదు అడ్డగీతలు వేర్వేరు ఎత్తుల్లో పెట్టి, మధ్యలో నిలువు తునకలు చల్లండి. నమూనా చిన్నదైతే అదే అదే తిరిగొచ్చి గోడ కాస్తా చాప అల్లికవుతుంది, అందుకని కనీసం రెండు మీటర్ల గోడను కొలిచి గీయండి. కోత పడిన అంచు 0.5 మిల్లీమీటర్ల గీతతో, లోపలి హ్యాచ్ 0.13తో ఉండాలి. రెండూ ఒకే మందంలో అచ్చయితే గోడ ఎక్కడ ఆగిందో తెలియదు. 1:100 ప్లానులో హ్యాచ్ అసలు వద్దు, కాగితం నల్లబడుతుంది. 1:20కి వచ్చాక పెట్టండి.

కడపలో 2020లోనే వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ ప్రాంతపు గోడలు, మిద్దెలు కొలిచి ఒక హ్యాచ్ ఫైలు తయారుచేయడం అక్కడి విద్యార్థులకు ఒక్క సెమిస్టరు పని. గండికోట గోడల ఎర్ర ఇసుకరాతికి మాత్రం నాపరాయి నమూనా పనికిరాదు. దాన్ని వేరే కొలవాలి.