నేల జరిగితే గొట్టం ఏమవుతుంది?



నేను ఉండేది ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో, ఎయిమ్స్ ఆస్పత్రి ఉన్న టాటీబంధ్ పేటలో. ఇక్కడి మన తెలుగు కుటుంబాల పిల్లలకు సైన్సు చెబుతూంటాను. ఛత్తీస్‌గఢ్ మీదుగా గెయిల్ సంస్థ చేపట్టిన ముంబయి-నాగపూర్-ఝార్సుగూడ సహజవాయు పైపులైను గురించి ఒకరోజు మాట్లాడుకుంటూంటే, ఇంటరు చదివే అమ్మాయి ఒకతె అడిగింది: "మాస్టారూ, భూకంపాల పటంలో మనది రెండో మండలమే కదండీ, అపాయం తక్కువ. మరి భూమిలో పాతిన గ్యాసు గొట్టానికి భూకంపం భయం ఎందుకు?" ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబే.

పటంలో అపాయం తక్కువ అంటే అసలు లేదని కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి వేలాదిమంది చనిపోయారు. ఆ ప్రాంతం అప్పటి పటంలో అన్నిటికన్నా నిక్షేపమనుకున్న ఒకటో మండలంలో ఉండేది! ఆ తరువాత 2002 పటంలో ఒకటో మండలాన్నే తీసివేసి రెండోదానిలో కలిపారు. 1997 మే 22న జబల్పూర్‌లో 5.8 తీవ్రతతో భూమి కంపించింది. మన గోదావరి లోయలో 1969లో భద్రాచలం ప్రాంతం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతం కంపించాయి.

ఇక గొట్టం సంగతి చూద్దాం. భూకంపం దాన్ని రెండు విధాలుగా పరీక్షిస్తుంది. మొదటిది తరంగాల వల్ల కలిగే కుదుపు. పాతిన గొట్టం మేడలాగా ఊగదు. చుట్టూ మట్టి పట్టుకుని ఉంటుంది కాబట్టి నేల ఎంత సాగితే అదీ ఇంచుమించు అంతే సాగుతుంది. చిన్న లెక్క వేయండి. నేల కదిలే వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు, తరంగం ప్రయాణించే వేగం సెకనుకు ఒక కిలోమీటరు అనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.0003 వస్తుంది. అంటే 100 మీటర్ల గొట్టం 3 సెంటీమీటర్లు సాగుతుంది. పైపులైన్లకు వాడే ఉక్కు సుమారు 0.002 వరకు సాగి మళ్ళీ మామూలు స్థితికి రాగలదు. కనుక అతుకులు గట్టిగా ఉన్న గొట్టాన్ని ఉత్త కుదుపు ఏమీ చేయలేదు.

అసలు అపాయం రెండో విధానిది: నేల జరిగి, జరిగినచోటనే ఉండిపోవడం. భ్రంశరేఖ దగ్గర భూమి ఒక పక్కకు తప్పుకోవచ్చు. కొండవాలు జారవచ్చు. నీటితో నిండిన ఇసుకనేల కుదుపుకు బురదనీళ్ళలా మారవచ్చు. దీన్నే నేల ద్రవీభవనం అంటారు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో ఇది విస్తారంగా జరిగింది. అలాంటి నేలలో గొట్టం మునగదు, పైకి తేలుతుంది! 45 సెంటీమీటర్ల వ్యాసం, ఒక సెంటీమీటరు మందం గల గొట్టం మీటరుకు సుమారు 110 కిలోలు తూగుతుంది. అది తొలగించే బురద 300 కిలోలు. లోపలి గ్యాసు బరువు స్వల్పమే. ఆర్కిమెడిస్ సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. అందుకే ఇటువంటిచోట గొట్టానికి కాంక్రీటు తొడుగు వేసి బరువు పెంచుతారు.

భ్రంశరేఖను దాటేచోట ఇంకొక ఉపాయం ఉంది. కూల్‌డ్రింకు స్ట్రాను రెండు చివరలా పట్టుకుని లాగండి, తేలిగ్గా తెగదు. చివరలను దగ్గరకు నొక్కండి, నడుమ ముడత పడుతుంది. ఉక్కు గొట్టమూ అంతే. కాబట్టి నేల జరిగినపుడు గొట్టం నలగకుండా సాగేటట్లు దాటే కోణాన్ని ఎంచుకుంటారు. కందకం గోడలను ఏటవాలుగా తవ్వి, వదులైన ఇసుకతో నింపుతారు. అప్పుడు గొట్టానికి కదలడానికి చోటు దొరుకుతుంది. ఇటువంటి విషయాలపై కాన్పూర్ ఐ.ఐ.టి., గుజరాత్ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి 2007లో మార్గదర్శకాలు వెలువరించాయి.

అయితే మంచి లెక్క ఒక్కటే చాలదు. 1994 జనవరి 17న అమెరికాలో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినపుడు బల్బోవా అనే వీధిలో నేల జరిగింది. పాతకాలపు వెల్డింగు అతుకులున్న గ్యాసు గొట్టం తెగి ఇళ్ళు కాలిపోయాయి. అదే వీధిలో తరువాతి కాలంలో వేసిన గొట్టాలు నిలిచాయి. ఇక మన నగరం గ్రామాన్ని గుర్తుచేసుకోండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఆ ఊళ్ళో గెయిల్ పైపులైను పగిలి, మంటల్లో ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అక్కడ భూకంపమే రాలేదు. తేమ ఉన్న గ్యాసు వల్ల లోపల తుప్పు పట్టడమే కారణమని తేలింది. కుదుపు లేకుండానే పగిలే గొట్టం కుదుపు వస్తే ఏం నిలుస్తుంది? మామూలు రోజుల్లో తుప్పును కనిపెట్టి బాగుచేయడమే భూకంప రక్షణలో మొదటి మెట్టు.

గొట్టం తెగినా నష్టం తగ్గించవచ్చు. పీడనం ఒక్కసారిగా పడిపోతే మూసుకునే కవాటాలను దారి పొడవునా అమర్చుతారు. జపానులో ఇళ్ళలోని గ్యాసు మీటర్లు బలమైన కుదుపు తగలగానే తమంతట తామే గ్యాసును ఆపేస్తాయి.

మరి మనం చేయవలసింది? మీ ఊరి పొలిమేరలో పైపులైను గుర్తురాళ్ళు ఉంటే వాటిమీది అత్యవసర ఫోను నంబరు రాసిపెట్టుకోండి. వాటి దగ్గర ఎవరైనా తవ్వుతుంటే ఆ నంబరుకు చెప్పండి. భూకంపం తరువాత ఇంట్లో గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయవద్దు, స్విచ్చి వేయవద్దు, ఆర్పవద్దు. కవాటం అందుబాటులో ఉంటే కట్టేసి, అందరినీ తీసుకుని బయటికి వెళ్ళి, అక్కడినుంచే ఫోను చేయండి.

ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇదే: "మండలం అంకె చిన్నదైతే భూకంపం అరుదు అవుతుందమ్మా, అంతే. వచ్చిన రోజున గొట్టం నిలుస్తుందా లేదా అన్నది అది ఏ నేలలో ఉంది, ఎంత గట్టిగా ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది." ఆ మాట మీరూ గుర్తుంచుకోండి. సెలవు.