బడిని ఎన్నుకొనుట - చదువు నేర్చుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక గ్రామము తన గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలబెట్టుకొనుట సామాన్య విషయము కాదు. ఇట్టి సభలలో పుస్తకములను గూర్చి మాటలాడుట వాడుక. కాని పుస్తకము చదువగల పిల్లలు తయారుకావలసినది బడిలోనే. కావున నేడు బడిని గూర్చి నాలుగు మాటలు మనవిచేసికొందును.

కలవారు రుసుము చెల్లించి తమకు నచ్చిన బడిని ఎన్నుకొందురు. లేనివారికిని ఆ వీలు ప్రభుత్వమే కలిగింపవలెనను ఆలోచన మనదేశమున రెండు మూడు రూపములు దాల్చినది. వానిని గూర్చి మనము అడుగవలసిన ప్రశ్నలు రెండు. ఆ ఎంపిక న్యాయమైనదా? దానివలన చదువు పెరిగినదా?

మొదటి రూపము పరీక్ష పెట్టి పిల్లలను ఏరుకొనుట. శ్రీ పి.వి. నరసింహారావుగారి చొరవతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ఆరంభమైనది. 1986 నాటి జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు దేశమంతటను వ్యాపించినవి. పాత తూర్పు గోదావరి జిల్లాకు చెందిన విద్యాలయము పెద్దాపురమున నున్నది. ఆరవ తరగతిలో ప్రవేశమునకు పరీక్ష కలదు. నూటికి 75 స్థానములు గ్రామీణులకు, మూడవ వంతు బాలికలకు కేటాయించుట మెచ్చదగినది. ఎందరో పేదపిల్లలు ఈ బడులవలన పైకి వచ్చినారు. అయినను ఒక్క మాట. ఏరిన విత్తనము చల్లినవాని పంట బాగుండిన, ఆ ఘనత విత్తనమునకెంత, సేద్యమునకెంత అని విచారింపవలెను గదా! పైగా పదేండ్ల పసివానికి పెట్టిన పరీక్ష వాని తెలివిని మాత్రమే కొలువదు. అంతవరకు వానికి దొరకిన బోధనను గూడ కొలుచును.

రెండవ రూపము చీటీలు తీయుట. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రైవేటు పాఠశాలలలో ఒకటవ తరగతి స్థానములలో నూటికి 25 బలహీనవర్గముల పిల్లలకు ఉచితముగా ఇయ్యవలెనన్నది. 2012లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. అల్పసంఖ్యాకుల పాఠశాలలలో ప్రభుత్వ సహాయము పొందనివానిని మాత్రము మినహాయించినది. ఆంధ్రప్రదేశమున ఈ నిబంధన 2022-23 విద్యాసంవత్సరమునుండి అమలులోనికి వచ్చినది. చీటీకి సిఫారసు తెలియదు, మొగమాటము తెలియదు. కావున అది న్యాయమైనదే. కాని దరఖాస్తు పెట్టినవాని పేరే చీటీలోనికి ఎక్కును. గడువు ఎప్పుడో తెలియని కూలివాని బిడ్డ చీటీ తీయకమునుపే ఓడిపోయినాడు. అన్యాయము చీటీలో లేదు, దానికి ముందున్న గుమ్మములో నున్నది.

ఇక చదువు మాట. దీనిని శాస్త్రీయముగా పరీక్షించినది మన తెలుగునాటనే యని చాలమందికి తెలియదు. 2008లో మొదలుపెట్టి నాలుగేండ్లపాటు, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఐదు జిల్లాలలోని 180 గ్రామములలో ఆ ప్రయోగము జరిగినది. మొదట గ్రామములకు, పిదప పిల్లలకు చీటీలు తీసి, గెలిచినవారు ప్రైవేటు బడిలో చదువుటకు వోచరు లిచ్చినారు. ఆర్థికశాస్త్రజ్ఞులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గార్లు దాని ఫలితములను 2015లో ప్రకటించినారు. నాలుగేండ్ల పిమ్మట కూడ తెలుగులోను, లెక్కలలోను గెలిచినవారికి, గెలువనివారికి భేదము కానరాలేదు. ప్రైవేటు బడులు ఆ రెండింటికి తక్కువ కాలము వెచ్చించి, మిగిలిన కాలమును ఇంగ్లీషు, హిందీ వంటివానికి ఇచ్చినవి. హిందీలో మాత్రము వారి పిల్లలు స్పష్టముగా ముందంజ వేసినారు. ఒక్కొక్క పిల్లవానిపై ఆ బడులకైన వ్యయము ప్రభుత్వ బడుల వ్యయములో మూడవ వంతుకు లోపే. ఇది ఇరుపక్షములకును పాఠమే. తక్కువ ఖర్చుతో అంతే చదువు చెప్పగలుగుట ప్రైవేటు బడికి గౌరవము. ఎక్కువ జీతము, ఎక్కువ శిక్షణ గల గురువులుండియు అంతకుమించి చూపలేకపోవుట ప్రభుత్వ బడి ఆలోచింపవలసిన విషయము. బడి మారినంతమాత్రమున చదువు మారదని తల్లిదండ్రులు గ్రహింపవలెను.

పాత బడిలోనే మిగిలిన పిల్లలకు ఆ ప్రయోగమున నష్టము కనబడలేదు. అయినను మనము ఏమరరాదు. పిల్లల సంఖ్యనుబట్టియే ఉపాధ్యాయులను కేటాయించు పద్ధతి యున్నప్పుడు, పదిమంది వెడలిపోయిన బడికి ఒక గురువు తగ్గవచ్చును. ఇది డెల్టా నేల. కాలువ బాగుగా పారుచున్నదో లేదో తలదాపు పొలము చూచి చెప్పరాదని మన రైతులకు ఒకరు నేర్పనక్కరలేదు. శివారు చేను తడిసినదా అని చూతురు. విద్యకును అదే కొలత. ఎన్నికైన పదిమంది ఎంత ఎత్తు ఎదిగినారన్నదానికంటె, ఎన్నిక కాని తొంబదిమంది ఏమి నేర్చినారన్నది ముఖ్యము.

మరి మనము చేయదగినదేమి? మూడు మనవులు. ఒకటి: ప్రవేశ ప్రకటనలను, గడువు తేదీలను గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టి, చదువురాని తల్లిదండ్రులకు దరఖాస్తులు నింపిపెట్టవలెను. రెండు: చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. వారు సమావేశములకు పోయి, ఐదవ తరగతి పిల్లలలో ఎందరు ఒక పుట తడబడక చదువుచున్నారని అడుగవలెను. భవనములకు రంగులు తరువాత. మూడు: సాయంకాలము ఒక గంట ఈ మందిరమున, ఏ బడి పిల్లలైనను సరే, కూడి చదువుకొనుటకు చోటు కల్పింపవలెను.

గ్రంథాలయము ఎవరిని పరీక్షించి లోనికి రానీయదు. ఎవరికిని చీటీ తీయదు. వచ్చినవాని కెల్ల పుస్తకము చేతికిచ్చును. మన ఊరి బడియు అట్లే వచ్చినవాని కెల్ల చదువు చేతికిచ్చిననాడు, బడిని ఎన్నుకొనుట అనునది పేదవానికి గతిలేక చేయు పని కాక, ఇష్టపడి చేయు పని యగును. ఆ దినము కొరకు ఈ గ్రంథాలయము మరి ఇరువదియైదేండ్లు పాటుపడుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.