హైదరాబాదు బిడ్డ, వైమానిక దళాధిపతి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మొన్న మన సంఘంలోని ఒక చెల్లెమ్మ నన్నడిగింది, "మావాడు విమాన దళంలో చేరతానంటున్నాడు. మనవాళ్లను అక్కడ పైకి రానిస్తారా భాయ్‌సాబ్?" అని. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఇంటికి వెళ్లాక ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు గుర్తొచ్చారు.

ఆయన 1923లో హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, 1942లో పద్దెనిమిదేళ్లకే వైమానిక దళంలో అధికారి అయ్యారు. ఆ వయసు పిల్లవాణ్ణి ఒంటరిగా బెజవాడ పంపడానికే మనం పదిసార్లు ఆలోచిస్తాం! ఆయన కరాచీ నుంచి అరేబియా సముద్రం మీద జలాంతర్గాముల కోసం గస్తీ తిరిగారు. ఇంగ్లండులో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నేర్చుకుని, తిరిగొచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

అసలు పరీక్ష 1947లో వచ్చింది. దేశంతోపాటు సైన్యమూ రెండయింది. ముస్లిం అధికారులు ఏ వైపు ఉంటారో తేల్చుకోవలసి వచ్చింది. కలిసి పనిచేసిన మిత్రులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వెళ్లారు, ఈయననూ రమ్మన్నారు. ఈయన వెళ్లలేదు. మతం వేరు, దేశం వేరు అన్నది ఆయన లెక్క. ఆ మిత్రులిద్దరూ తర్వాత అక్కడి వైమానిక దళానికి అధిపతులయ్యారు. మరి ఇక్కడ ఈయనకు ఫలానా పదవి వస్తుందని ఆ రోజు ఎవరైనా మాట ఇచ్చారా? లేదు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే.

1950లో మొదటి రిపబ్లిక్ దినాన ఢిల్లీ మీద ఎగిరిన విమానాల వరుసకు నాయకత్వం వహించింది ఆయనే. 1971 యుద్ధకాలంలో ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల బాధ్యత చూశారు. 1978 సెప్టెంబరు 1న దళాధిపతి అయ్యారు. జాగ్వార్ విమానాలు మన దళంలోకి వచ్చింది ఆయన హయాంలోనే. 1981లో పదవీ విరమణకు ముందు, 58 ఏళ్ల వయసులో, ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగంతో పోగల మిగ్-25లో ఎగిరారు. ఆ వయసుకు మనలో చాలామందికి మేడమెట్లే కష్టం.

తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేశారు. ఆయన భార్య బిల్కీస్ గారు బొంబాయి ధారావి మురికివాడ ప్రజల కోసం పాటుపడ్డారు. ఆమె గురించి ఇంకో సభలో చెప్పుకోవాలి. లతీఫ్ గారు 2018 ఏప్రిల్ 30న హైదరాబాదులోనే కన్నుమూశారు.

చెల్లెమ్మా, హామీ నేనివ్వలేను, ఆయనకూ ఎవరూ ఇవ్వలేదు. ఒకటి మాత్రం అడుగుతాను. ఎన్.డి.ఏ. ద్వారా విమాన దళానికి వెళ్లాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉండాలి. మీవాడు ఏ గ్రూపు తీసుకున్నాడు?