1498: ఒకే ఏడాది, ఎన్నో తీరాలు



పాఠ్యపుస్తకంలో 1498వ సంవత్సరానికి దక్కేది సాధారణంగా ఒక్క వాక్యమే: వాస్కోడగామా భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నాడు. ఆ వాక్యం పరీక్షకు చాలును, చరిత్రకు చాలదు.

ఆ ఏడాది మే 20న గామా ఓడలు కాలికట్ సమీపాన లంగరు వేశాయి. అరబ్బు, గుజరాతీ వర్తకులకు ఆ సముద్రం శతాబ్దాల పరిచితం. ఆఫ్రికా తీరాన మాలిందిలో లభించిన మార్గదర్శి తోడ్పాటుతోనే పోర్చుగీసువారు దానిని దాటగలిగారు. ఆఫ్రికాను చుట్టివచ్చిన దారి మాత్రమే కొత్తది. జామొరిన్ ప్రభువుకు వారు తెచ్చిన బట్టలు, టోపీలు, చక్కెర, తేనె చూసి అక్కడి అధికారులు నవ్వారు. ఆ రేవుపైనే 1502లో గామా ఫిరంగులు పేల్చాడు.

ఆ తీరానికీ కొంగునాడుకూ నడుమ పాలక్కాడు కనుమ ఉన్నది. సుమారు 30 కిలోమీటర్ల వెడల్పుగల ఆ ద్వారం గుండా సాగిన వర్తకం ఎంత ప్రాచీనమో, కోయంబత్తూరు చెంత వెళ్ళలూరులో దొరికిన రోమను నాణేలే చెప్పగలవు.

ఆనాడు విజయనగర సింహాసనం సాళువ వంశానిది. అధికారం తుళువ నరసనాయకునిది. 1503లో పరమపదించిన అన్నమాచార్యుడు అప్పటికి వయోవృద్ధుడు. గామా లంగరు వేసిన మూడవనాడు, మే 23న, ఫ్లోరెన్సులో మతసంస్కర్త సవొనరోలాను ఉరితీసి దహించారు. ఆగస్టులో కొలంబస్ దక్షిణ అమెరికా ప్రధాన భూభాగాన్ని దర్శించాడు. ఒకరి సంగతి మరొకరికి తెలియదు. గామా యాత్రా ఫలితం లిస్బన్‌కు తెలిసినది 1499 జూలైలోనే.

అయినా ఆ రెండు యాత్రలూ తెలుగువారి వంటింట కలిశాయి. మిరియాల కోసం వచ్చిన పోర్చుగీసువారే అమెరికా ఖండపు మిరపను ఈ దేశానికి తెచ్చారు. అన్నమాచార్యుని నాటి వంటకు ఘాటునిచ్చినది మిరియమే గాని మిరపకాయ కాదు. కొంగునాటి చేలలో నేడు పండే వేరుశనగ, మొక్కజొన్నల పుట్టిల్లు కూడా అమెరికా ఖండమే.

కొత్తకాయకు తెలుగువారు పాత మాటతోనే పేరు పెట్టుకున్నారు: మిరియము నుండి మిరప. తమిళ సోదరులూ అదే చేశారు: మిళగు నుండి మిళగాయ్. విజయనగర, నాయకరాజుల కాలాలలో ఈ సీమకు తరలివచ్చిన తెలుగు కుటుంబాల బిడ్డలు సూలూరులో ఈ రెండు మాటలనూ వింటూ పెరుగుతున్నారు. ఒకటి ఇంటిమాట, ఒకటి వీధిమాట. రెండింటిలోనూ ఉన్నది ఒకే చరిత్ర. అయితే మాటలోని చరిత్ర ఆ మాట తెలిసినవారికే అందుతుంది. ఇంటిమాట అక్షరరూపం నేర్వని బిడ్డకు ఆ ద్వారం సగం మూసుకొనే ఉంటుంది.

కనుక 1498 అంటే ఏమిటని అడిగినప్పుడు, గామా పేరుతోపాటు పడమటి కనుమనూ, పోపులపెట్టెలోని మిరియాన్నీ మిరపనూ చూపి చెప్పగల విద్యార్థులను తీర్చిదిద్దడమే తెలుగు పాఠశాల కర్తవ్యం. ఆ పనికి ఉపాధ్యాయులతోపాటు ప్రతి ఇంటి అమ్మమ్మ, తాతయ్యల చేయూత కావాలి.